బీమా డబ్బుతో భోజనాలు

తమ్ముడు వీరన్నకు,

నువ్వు చదవవని తెలుసు. అయినా ఎవరితోనో ఒకరితో వాదించకుండా ఉండలేని నేతగాళ్ల సంఘం మనిషిని.

నువ్వు పోయిన ఏడాదికి నీ బీమా డబ్బు వచ్చింది. ఆదోనిలోని మన సంఘం ఆఫీసు నుంచి నేనే తెచ్చి, ఎమ్మిగనూరులో నీ భార్య ఈరమ్మ చేతిలో పెట్టాను. నీ చావు ఖర్చులకు వడ్డీ షావుకారు దగ్గర తాకట్టు పెట్టిన మగ్గాన్ని ముందు విడిపించమన్నాను. వినలేదు. రేపు నీ ఏడాది దినానికి వీధి వీధంతా భోజనాలట!

"మగ్గం లేకపోతే పిల్లోళ్లేం తింటారమ్మా?" అని అరిచాను.

"కూలికి నేస్తాలేన్నా. ఇది ఆయప్ప సచ్చినందుకు వచ్చిన దుడ్డు. దీన్ని ఇంట్లో పెట్టుకుంటే మొగుణ్ణి అమ్ముకున్నట్లు కాదా?"

పక్కనే ఉన్న కులపెద్ద నవ్వాడు. "సావు దుడ్డు సావుకే పోవాలప్పా. నీ ఉపన్యాసాలు ఆదోనిలో సెప్పుకోపో!"

అతనికి బదులు చెప్పగలను, చెప్పాను కూడా. వడ్డీ షావుకారుకైనా చెప్పగలను. ఈరమ్మ మాత్రం నా వాదన వినకుండా విస్తళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

నీ చేత బీమా కట్టించిన పెద్దమనిషినని రేపు మొదటి పంక్తిలో మొదటి విస్తరి నాకే వేస్తుందట. "నువ్వు తినకపోతే ఆయప్పకు ముట్టదన్నా" అంది.

కూర్చుంటానప్పా. కూర్చోక ఏం చేసేది?