మిరపచేను పక్కన నీ బొమ్మ

వదినా,

మిట్టమధ్యాహ్నం మిరపకాయలు కోస్తూ ఎండదెబ్బకు పడిపోయిన నువ్వు మళ్లీ లేవక ఇవాళ్టికి ఏడాది. పది రోజుల కిందటే ఆ చేను పక్కనున్న గోదాము గోడ మీద నీ బొమ్మ వేశాను. నీలిమబ్బు కింద, కొంగు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నావు.

"బొమ్మలేస్తే ఎండ తగ్గుతదా?" అని నవ్వాడు చేను ఆసామి.

"తగ్గదు. పొద్దు నెత్తిమీదికొస్తే మేం చేన్ల ఉండం," అంది నీ జతగత్తె యాదమ్మ.

కూలికొచ్చిన ఆడవాళ్లంతా చేన్లోకి దిగకుండా రోజూ నీ బొమ్మ ముందే కూర్చున్నారు. కాయ చెట్టుమీదే ఎండిపోతుంటే చివరికి ఆసామి దిగొచ్చాడు. ఇక మధ్యాహ్నం పని లేదు, కూలి తగ్గదు.

ఇవాళ అందరూ గోదాము చూరు నీడన పడుకున్నారు. యాదమ్మ గోడవైపు ఒత్తిగిలి, "జర జరుగు లచ్చమ్మా, నాక్కూడ జాగియ్యి," అంది.

నువ్వు జరిగినట్టే అనిపించింది.

బొమ్మలేసే నీ ఆడబిడ్డ