బీరువా అడ్డు

శుక్రవారం, రాత్రి

పక్కింటి రేవతక్కా, మేమూ ఒకే వైఫై వాడుకుంటాం. రౌటర్ ఆమె పడకగదిలో ఉంది. కొన్ని రాత్రులు మా ఇంట్లో సిగ్నల్ పోతుంది, తెల్లారేసరికి దానంతటదే వస్తుంది. వైర్లు మార్చాం, రౌటరే మార్చాం. లాభం లేకపోయింది.

ఈ రోజు నేనే వెళ్లి చూశాను. ఇనప బీరువాను తలుపుదాకా ఈడ్చిన గీతలు నేలమీద కనబడ్డాయి.

"రాత్రిళ్లు బీరువా తలుపుకు అడ్డం పెడతాండావా అక్కా? దాంతోనే సిగ్నల్ పోతాండాది!" అన్నాను పెద్దగా, ఏదో కనిపెట్టేసినట్టు.

అక్క నా భుజం మీదుగా చూసింది. వెనకాల ఆమె భర్త నిలబడి ఉన్నాడు.

"బీరువానా అడ్డం? ఇంక నీ నెట్టుకేం కాదులే పాపా," అని నవ్వాడు. అప్పటికప్పుడే దాన్ని హాల్లోకి లాగేశాడు.

బయటికి వస్తూ తలుపు చూశాను. లోపలి గడియ లేదు. అది ఊడిపోయిన చోట చిల్లులున్నాయి.

సిగ్నల్ పోయేది ఆయన తాగొచ్చిన రాత్రులే. ఇప్పుడు గుర్తొచ్చి ఏం లాభం?

ఇందాకే తూలుతూ ఇంట్లోకి పోయాడు. నేను లేచి వెళ్లాలి. ఫోన్ పట్టుకుని ఇక్కడే కూర్చున్నాను. సిగ్నల్ నిండుగా ఉంది. ఎంతసేపు చూసినా పోవడం లేదు.