అయ్య పడవ మీది సేప

అయ్యా, ఈశ్వర్‌ని రాస్తన్నాను. తిరుపూర్లో బాగానే ఉన్నాను, బెంగెట్టుకోకు. ఫోన్లో సెప్తే మరిసిపోతావని కార్డేస్తన్నాను, సెల్లి గౌరి సేత సదివించుకో.

నీ పడవ మీది సేపని మా కంపినీ బనీన్లకి గీసిచ్చాను కదా. పక్క కంపినీవోడు అదే బొమ్మ అచ్చేసుకుని, మాదే అని తగువుకొచ్చాడు. "సేప కన్నుకి ఆరు మూలలేటి?" అని మా ఓనరు అడిగితే ఊరికే అందానికన్నాడాడు. పడవ బోల్టు తలకాయనే మా అయ్య కన్ను సేసినాడు సార్ అన్నాను నేను. "అయితే బొమ్మ ఆడిదీ కాదు, నాదీ కాదు. హక్కు మీ నాయనది" అన్నాడా మారాజు. ఇకమీద ప్రతి బనీను మీదా నీ పేరు ఏయిస్తాడట.

సర్కారోళ్ళు వేట మూసేక పడవకి కొత్త రంగేస్తావు కదా, గౌరి ఫోటో తీసి పంపేదాకా ఆ సేపని గీకేయకు. సాక్ష్యం అదే. అమ్మకి మోకాలి నొప్పి తగ్గిందేటి?

సిన్నప్పుడు నా సేతికి బ్రష్షిచ్చినోడివి నువ్వే, నీకూ అమ్మకీ దండాలు. బనీనొకటి పంపుతన్నాను. తొడుక్కుని రేవులోకెళ్ళు. ఈ బొమ్మ ఎవుడిదిరా అనడిగితే, నాదేనని గట్టిగా సెప్పు.