సక్రి వంతు

ఖమ్మంల, ఖానాపురం హవేలి ఆఫీసుల కూసున్న బాలకృష్ణ సారుకు, మణుగూరు పక్క తండా ద్వాలి చెప్పి రాపిచ్చేది ఏమనంగా:

నీ కాయితం ముట్టింది. ‘మీ వారసత్వం నమోదు చేస్తాం’ అన్నవట. వారసత్వం ఎక్కిచ్చేది మనిషి సచ్చినంక గద! నేను సచ్చిన్నని నీకెవ్వలు చెప్పిండ్రు? నా రెండెకరాలు ఎవ్వని పేరు మీద ఎక్కిస్తున్నవ్?

ఇట్లు, బతికే ఉన్న ద్వాలి, వేలిముద్ర.

ఇంకో మాట: సచ్చిన్ననుకుంటే ఉత్తరం నాకెందుకు రాసినవ్?

*

గౌరవనీయులైన ద్వాలమ్మ గారికి నమస్కారాలు.

మీరు బతికి ఉన్నందుకు మా ఆఫీసంతా సంతోషించింది. మాది పాత పాటలు భద్రపరిచే ఆఫీసు; వారసత్వమంటే భూమి కాదమ్మా, పాట. వాగు ఎండినప్పుడు ఇసుకలో ఎక్కడ చెలిమ తవ్వితే నీళ్లు పడతాయో చెప్పే పాట మీకు వచ్చని విన్నాం. వానలు నమ్మకం తప్పిన ఈ రోజుల్లో రేపటివాళ్లకు ఇంజనీర్ల పటాలతో పాటు మీ పాటా కావాలి. పాట రికార్డు చేసే మిషన్ పంపుతున్నాం. దానికి పాడి పంపండి.

విధేయుడు, బాలకృష్ణ.

తా.క.: ఎర్ర బటన్ నొక్కితే చాలు.

*

బాలకృష్ణ సారుకు ద్వాలి:

నీ మిషిన్‌కు ఏం రాదు. వాగుల కూసొని ‘మొదటి చెలిమ ఏడున్నదే’ అని అడిగిన. సప్పుడు లేదు. ఏడు చెలిమలూ అడిగిన. ఒక్కదానికీ జవాబియ్యలే.

గది ఒక్కరు పాడే పాట కాదు సారూ. ముంగట నేను అడగాలె, ఎన్క బిందె మోసుకుంట నా తోటికోడలు సక్రి చెప్పాలె. నా నోటికి జవాబులు రావు. గవి దాని వంతు. నన్నిడిసిపెట్టి పోయింది, నాలుగేండ్లాయె. బోర్లు పడ్డంక వాగుకు ఎవ్వలూ రారు. నేను పొద్దుగాల పోయి అడుగుత. వాగు ఊకుంటది.

ఇట్లు, ద్వాలి.

ఇంకో మాట: సారూ, నేను లతీఫాను, ఉత్తరాలు రాసే టైలర్ని. ద్వాలమ్మ మీ మిషన్ మీదికి చెప్పు లేపితే గుంజుకొని పార్సిల్ చేసిన.

*

ద్వాలమ్మ గారికి నమస్కారాలు.

విన్నాం. ఏడు ప్రశ్నలు, ఏడుసార్లు నిశ్శబ్దం, చివర మా మీద తిట్లు. సగం పాట మా ఫారంలో పట్టదు. సక్రి గారు ఎక్కడికి పోయారో చిరునామా పంపితే మిషన్ అక్కడికే పంపిస్తాం.

విధేయుడు, బాలకృష్ణ.

తా.క.: ‘ఈ పాట ఎవరికి నేర్పారు?’ గడి ఖాళీగా ఉంది. నింపగలరు.

*

బాలకృష్ణ సారుకు ద్వాలి:

సక్రి చిరునామా: వాగొడ్డు, ఇప్పచెట్టు కింద, మట్టిల. నీ మిషిన్ పంపు. ఇద్దరూ మాట్లాడరు, మంచిగ కుదురుతది.

నీ కాయితం చదివిపిచ్చుకున్న దినం లతీఫా దుకాణంలనే కోపమొచ్చి, మా లంబాడి భాషల గట్టిగ ఐదో చెలిమ ఏడున్నదే అని పాడిన. జవాబొచ్చింది! చూస్తే లతీఫా, రవిక కుట్టుకుంటనే పాడుతున్నది. సక్రి అంగడికి వచ్చినప్పుడల్లా ఈడ కూసొని తన వంతు పాడేదట. దీనికి మా భాష రాదు. ఉత్త పాటే అనుకున్నదట.

మర్నాడు ఇద్దరం పోయి అది చెప్పిన తావుల మోచేతి లోతు తోడినం. నీళ్లు! బోరు ఎండి నెలాయె, తండా అంతా బిందెలు పట్టుకొని ఉరికొచ్చింది.

గడిల లతీఫా పేరు రాపిచ్చిన.

ఇట్లు, ద్వాలి.

ఇంకో మాట: సారూ, లతీఫాను. గడిల నా పేరు నేనే రాసుకున్న, తప్పైతే మాఫ్ చేయండి. ఇప్పుడు ద్వాలమ్మ పొద్దుగాల అడగనీకి వాగుకు పోతలేదు. నేను దుకాణం షట్టర్ లేపకముందే బయట నిలబడి మొదటి చెలిమ ఏడున్నదే అంటది. ఏడూ చెప్పిందాక కదలదు. గిరాకీలు కూడా లైన్లో ఉంటున్నరు.