లాప్‌టాప్ బతికే ఉంది

చిట్టీ,

ముందు ఏడుపు మాను. లాప్‌టాప్ పనిచేస్తోంది, నీ ప్రాజెక్టు రిపోర్టు భద్రంగా ఉంది. సాయంత్రంలోగా మీ మేడమ్‌కి పంపేసి, ఆ తరవాతే తిండి సంగతి చూడు.

నువ్వు కాలేజీకి వెళ్ళాక కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. పాత మోడల్ అనగానే కొత్తది కొనుక్కోమంటారనుకున్నాను. ఫోనెత్తిన అమ్మాయి మాత్రం, "పాతదైతే ఏమైందండీ, విప్పి చూద్దాం. ఇంట్లో ఇంజనీర్లెవరైనా ఉన్నారా?" అంది.

"ఉన్నారు. ఆఫీసుకెళ్ళారు కాబట్టి ధైర్యంగా విప్పొచ్చు," అన్నాను. పాపం, నవ్వాపుకోలేకపోయింది.

ఆమె ఓపిగ్గా చెబుతుంటే కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్‌తో వెనక మూత తీసి, లోపలి మెమరీ ముక్కని నీ రబ్బరుతో తుడిచి, టక్కుమనేదాకా నొక్కాను. తెర వెలగగానే నేను అరిచాను, అది విని ఫోన్లో ఆమె కూడా అరిచింది. "మీ చెయ్యి మంచిదండీ," అంది. ఇరవై ఏళ్ళుగా వండిపెడుతున్నా ఈ ఇంట్లో ఎవరూ అనని మాట.

నేను బజారుకెళ్తున్నాను.

అమ్మ

అన్నట్టు, నాన్నకి చెప్పకు. దీన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేయమన్న ఇంజనీరుగారు ఆయనే కదా. రాత్రి భోజనాల దగ్గర కొత్త లాప్‌టాప్‌ల మీద ఉపన్యాసం మొదలుపెడతారు. అడ్డు తగలకు. మంచినీళ్ళకని ఆగినప్పుడు, నేనే దీన్ని తెచ్చి ఆయనెదురుగా ఆన్ చేస్తాను.