బాయినెట్ మీది చివరి అంకె

అసున్సియోన్,
2012 జూన్ 3.

పూజ్యురాలైన అక్క కసిల్దాకు,

తమ్ముడు అర్సేనియో నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా ఎడమ కన్ను ఒక్కటి తప్ప. మీ మఠంలో సిస్టర్లందరూ కులాసా అని తలుస్తాను. నువ్వు పంపిన జామపండ్ల హల్వా చేరింది. మా ఆవిడ దాన్ని నాకు అందనంత ఎత్తులో దాచింది, నాకు చక్కెర జబ్బట.

కంటి సంగతి అడిగావు. శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయించుకోమన్నారు. అయినా పని ఆగలేదు. ఇంటర్నెట్లో పాత తుపాకి కత్తులు, బాయినెట్లు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఫొటోలు పంపుతూనే ఉన్నారు, ఏ సైన్యానిదో, ఎంత చేస్తుందో చెప్పమని. మొన్న పిలార్ నుంచి ఒకాయన అలుగు సగానికి అరిగిపోయినది పంపాడు. "దీంతో ఎన్ని పందుల్ని కోశారు?" అన్నాను. "మా తాత కాలం నుంచీ దాని పని అదే సార్. లెక్కెవరు పెట్టారు?" అన్నాడు. వంటింట్లోనే ఉంచుకోమన్నాను.

ఇక నువ్వడిగిన పెద్ద ప్రశ్న. బొలీవియాతో మనవాళ్లు చేసిన చాకో యుద్ధం నుంచి నాన్న తెచ్చిన బాయినెట్‌ను చూసి, నాన్న చంపిన ఆ బొలీవియా సైనికుడి పేరు కనుక్కోగలనా అని అడిగావు. నలభై తొమ్మిదేళ్లుగా పేరు తెలియకుండానే ఆయన ఆత్మశాంతికి ప్రార్థిస్తున్నాననీ, పోయేలోగా ఒక్కసారైనా పేరు పెట్టి ప్రార్థించాలని ఉందనీ రాశావు. ఆ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. నేను జవాబు రాయకపోవడానికి కారణం కన్ను కాదు. ధైర్యం చాలలేదు.

ముందు నా తప్పు చెబుతాను. నీ ఉత్తరం వచ్చేసరికే, కంటి ఖర్చు కోసమని, నిన్ను ఒక్క మాట అడగకుండా దాన్ని అమ్మకానికి పెట్టేశాను. కథను చూసి వెల కట్టకండి, ఇనుమును చూసి కట్టండి అని అందరికీ చెప్పేవాణ్ని. అలాంటివాణ్ని, నేనే దాని ఫొటో కింద నాన్న కథంతా రాశాను. ముళ్లపొదల్లో ఇద్దరూ ఎదురుపడటం, వాడో నేనో అనుకోవడం, వాణ్ని పొడిచి బాయినెట్ లాక్కోవడం. ఇనుము గురించి మాత్రం ఉన్నదే రాశాను. చెక్ దేశంలో చేసింది, తుపాకికి తగిలిస్తే పదును పైకి ఉండే రకం, బొలీవియా సైన్యానిది. ఒర లేదు. దాని మీద కొట్టిన సంఖ్యలో నాలుగు అంకెలే కనబడుతున్నాయి, ఐదోది మూడో ఎనిమిదో తేలడం లేదు.

తేలకపోవడానికి కారణం నువ్వే అక్కా. యుద్ధం ఆగిన రోజని ప్రతి జూన్ పన్నెండుకీ బూడిదా పుల్లనారింజ రసమూ వేసి దాన్ని తోమేదానివి, ఆ మనిషి నెత్తురు మరక ఎక్కడా మిగలకూడదని. అలా తోమితే అంకెలు పోతాయనీ, ధర పడిపోతుందనీ మనకప్పుడేం తెలుసు.

నీ ఉత్తరం వచ్చిన వారానికి బొలీవియాలోని ఒరూరో నుంచి ఇల్దా చోకె అనే టీచరమ్మ నా ప్రకటన చూసి ఫోను చేసింది.

"పిడికి ఒక మర ఉండదు కదండీ? అక్కడ రాగితీగ చుట్టి ఉండాలే."

ఆ వైపు ఫొటో నేను పెట్టనేలేదు. "నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"చుట్టింది మా తాతే. ఒర మా ఇంట్లోనే ఉంది. మీరు రాసింది చదివి మా నాన్న ఒకటే నవ్వు. పొడిస్తే చచ్చిపోయినాయనకి ఆ తర్వాత తొమ్మిది మంది పిల్లలెలా పుట్టారో అడగమన్నాడు."

నేను నవ్వలేకపోయాను. మీ తాత ఏం చెప్పేవాడని అడిగాను.

"నీళ్లు లేక నాలుగు రోజులు పొదల్లో పడున్నాడంటండీ. మీవాళ్ల కుర్రాడొకడు తుపాకి గురిపెట్టి కూడా కాల్చలేదంట. 'బాయినెట్ ఇచ్చెయ్, నీళ్లిస్తా. ఉత్త చేతుల్తో పోతే మా లెఫ్టినెంట్ నన్ను కాలుస్తాడు' అన్నాడంట. సగం సీసా తాగనిచ్చి, అటు పొమ్మని దారి కూడా చూపించాడంట."

తర్వాత ఒర ఫొటో పంపింది. దాని మీదా అదే సంఖ్య, నాలుగు అంకెలూ కలిశాయి. చివరిది మూడు.

అక్కా, ఆ రాత్రి భోజనం నీకు గుర్తుండే ఉంటుంది. నీకు పంతొమ్మిదేళ్లు. "ఈ ఇంట్లో ఎవరో ఒకరం ఆ మనిషి కోసం ప్రార్థించాలి నాన్నా. నేను మఠానికి పోతా" అన్నావు. నాన్న చేతిలో ఉడికిన కర్రపెండలం ముక్క అలాగే ఉండిపోయింది. "నీ ఇష్టం తల్లీ" అన్నాడు. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? మొదట లెఫ్టినెంటుకు భయపడ్డాడు, ఆ తర్వాత ఊళ్లో పరువుకు. చివరికి నువ్వు వెళ్లిపోతుంటే కూడా నోరు విప్పలేదు. పోయి ఇరవై ఏళ్లు దాటిన మనిషి మీద ఇంత కోపం వస్తుందని నేను అనుకోలేదు. ఈ మాట నీకెలా రాయాలో తెలియకే మూడు నెలలు ఊరుకున్నాను. నేనూ ఆయన కొడుకునే కదా.

ఫోను పెట్టేసే ముందు ఇల్దా ఒకటి అడిగింది.

"మీ నాన్నగారి పేరేంటండీ? చనిపోయినవాళ్ల పండక్కి మా తాత ఆయన కోసం బల్ల మీద ఓ గ్లాసు నీళ్లు పెట్టేవాడు. పేరు తెలీదు గదా, నీళ్లాయన అనేవాడు. మేం ఇప్పటికీ పెడుతున్నాం."

ఎలెవుతేరియో గౌతో అని చెప్పాను. అక్షరం అక్షరం అడిగి రాసుకుంది.

నీకూ పేరు రాస్తున్నాను. సత్యూర్నినో చోకె. తాపీ మేస్త్రి. 1986లో పోయాడు. నువ్వు మఠంలో చేరి ఆయన ఆత్మశాంతికి ప్రార్థించిన మొదటి ఇరవై మూడేళ్లూ ఆయన ఒరూరోలో గోడలు కడుతూనే ఉన్నాడు.

బాయినెట్‌ను అమ్మకం నుంచి తీసేశాను. పన్నెండో తేదీన ఎన్‌కర్నాసియోన్ బస్సెక్కి నీ దగ్గరకు తెస్తున్నాను. ఒరూరోకు పంపాలో వద్దో నువ్వే చెప్పాలి. తిట్టాలనిపిస్తే మఠం గేటు దగ్గరే తిట్టు, తిట్టించుకుంటాను. దాన్ని మాత్రం ఒకసారి చేతిలోకి తీసుకో. తోమనక్కర్లేదు అక్కా. దాని మీద ఎవరి నెత్తురూ లేదు.

ఇట్లు,
నీ క్షమ కోరే తమ్ముడు,
అర్సేనియో