పదో మనిషి

మనవడికి,

ఆశీస్సులు నీ దగ్గర నిల్వ ఉన్నాయి కాబట్టి విషయానికొస్తాను. "పక్క దేశాల్లో చిన్న కుట్టు షాపులు ఫ్యాక్టరీలవుతున్నాయి, మనవెందుకు ఎదగవు నానమ్మా?" అని నీ రిపోర్టు కోసం అడిగావు.

మన ఇంట్లోని కుట్టు షాపులో పదో మనిషి చేరితే ఫ్యాక్టరీ లైసెన్సు కావాలి. ఆఫీసుల చుట్టూ ఆ తిరుగుడుకు భయపడి మీ అమ్మ లెక్కల్లో తొమ్మిదిమందినే చూపిస్తుంది. పదోదాన్ని నేను. ఇన్‌స్పెక్టరు వస్తే గుండీలు కుట్టడం ఆపి, దుప్పటి కప్పుకుని మంచాన పడతాను.

నిన్న ఆయన, "పెద్దావిడ ఇంకా లేవలేదా?" అన్నాడు.

"ఎక్కడ లేస్తారండీ!" అంది మీ అమ్మ.

ఇప్పుడు ముప్ఫైమందికి పని దొరికే యూనిఫాంల ఆర్డరొచ్చింది. "మనకెందుకత్తయ్యా ఆ తలనొప్పి," అంటూ సోమవారం వద్దని చెప్పేస్తుందట.

దేశాలను తర్వాత పోల్చుకుందువుగాని, సోమవారం లోపు వచ్చి అమ్మను లైసెన్సు ఆఫీసుకు తీసుకెళ్లు. పడుకుని పడుకుని అలిసిపోయానురా.

నానమ్మ